పసిమనసుకు ఆసరా – 5వ పాఠం: “అయ్య ఎప్పుడొత్తాడు?”

పోయిన పాఠంలో పిల్ల ఆడుకుంటుంటే పక్కన ఊరికే కూర్చోవడం నేర్చుకున్నాం. ప్రశ్నలు వెయ్యకుండా, ఆటను సరిదిద్దకుండా, పడవను పదిసార్లు ముంచినా “అలా ఆడకూడదు” అనకుండా కూర్చోవడం. అది ఇంకా చెయ్యనివాళ్లు ముందు అది చేసి రండి. మీ పక్కన కాసేపు కుదురుగా కూర్చోని పిల్లకు ఇవాళ్టి మాట చెప్పలేం.

ఇవాళ్టి పని ఆరేళ్లలోపు బిడ్డకు చావు కబురు చెప్పించడం. “చెప్పడం” అనకుండా “చెప్పించడం” అన్నది కావాలనే. అంగన్‌వాడీ టీచరుగానో ఆశా కార్యకర్తగానో వీధిలో చదువుకున్న అక్కగానో మీరు వెళ్తారు. చెప్పాల్సింది మాత్రం రోజూ ఆ పిల్లకు అన్నం పెట్టే మనిషి. తల్లో, అవ్వో, మేనత్తో. వాళ్లకు మాట అందించి పక్కన ఉండటమే మీ వంతు.

ఒడిశా గంజాం జిల్లాలో గోపాల్‌పూర్, ఆర్యపల్లి, పోడంపేట వైపు మన తెలుగు జాలరి వాడల్లో తిరిగేవాళ్లకు ఈ సందర్భం కొత్తేం కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల దాకా కుదిపేసింది. అయితే తుఫానుకు ఊరంతా ఒకేసారి దెబ్బ తింటుంది, షెల్టర్లో అందరూ ఒకచోటే ఉంటారు, పిల్లకు తన ఏడుపు వింతగా అనిపించదు. మామూలు రోజున వేటకెళ్లిన పడవ తిరిగి రాకపోతే ఆ ఒక్క ఇల్లే మూగబోతుంది. పక్కింట్లో ఎప్పట్లాగే చేపల పులుసు ఉడుకుతుంటుంది. ఈ ఇంటి పిల్ల మాత్రం ఒడ్డుకెళ్లి నిలబడుతుంది. ఎందుకంటే “అయ్య వేటకెళ్లాడు, వచ్చేస్తాడు” అని ఎవరో చెప్పారు.

చిన్నపిల్లలకు చావు అర్థం కాదు కదా, చెప్పడమెందుకు అంటారు. సగం నిజమే. 1948లో మరియా నాగీ అనే ఆవిడ హంగేరీ పిల్లలతో మాట్లాడి రాసిన పరిశోధన ఉంది. అయిదేళ్లలోపు పిల్లలు చావును నిద్ర లాగానో, ఊరెళ్లడం లాగానో అనుకుంటారని ఆవిడ గమనించింది. పోయినవాళ్లు తిరిగి రారు, వాళ్ల ఒళ్లు ఇక పనిచెయ్యదు అన్నవి చాలామంది పిల్లలకు అయిదు నుంచి ఏడేళ్ల మధ్య కుదురుకుంటాయని తర్వాతివాళ్లూ చెప్పారు. సరిగ్గా అందుకే “నిద్రపోయాడు” అనకూడదు. ఆ మాట విన్న పిల్లకు ఆ రాత్రి నుంచే నిద్రంటే భయం పట్టుకుంటుంది. అమ్మ మధ్యాహ్నం కాస్త కునుకు తీసినా లాగి లేపుతుంది.

“కేరళ బోటు మీద పనికెళ్లాడు, బొమ్మలు తెస్తాడు” అన్నది మన వైపు బాగా వాడుకలో ఉన్న అబద్ధం. ఇంటి మగవాళ్లు నిజంగానే కేరళకో చెన్నైకో గోవాకో వెళ్తుంటారు కాబట్టి అది ఇట్టే అతుకుతుంది. ఆర్నెల్ల తర్వాత మేనమామ సంచి సర్దుకుంటుంటే పిల్ల గుమ్మానికి అడ్డంపడి గుక్కపెట్టి ఏడుస్తుంది. ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

“గంగమ్మ తీసుకుపోయింది” అనే మాట ఇంకా చిక్కు. పెద్దవాళ్లకు అందులో ఓదార్పు ఉంది, దాన్ని నేను కాదనను. నాలుగేళ్ల పిల్లకు మాత్రం ఆ మాట వేరుగా వినిపిస్తుంది. మనం పసుపు కుంకాలు పెట్టి మొక్కే గంగమ్మ అయ్యను పట్టుకుపోయింది, రేపు అమ్మనూ పట్టుకుపోతుంది. పెద్దలు తమలో తాము ఆ మాట అనుకోవచ్చు. పిల్లకు చెప్పే వాక్యంలో అది రాకూడదు.

మరి ఏం చెప్పాలి? తల్లితో ముందు రోజే కూర్చుని, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే మాటలు కూర్చుకోండి. ఒక నమూనా ఇది:

“తల్లీ, నీకొక బాధైన మాట చెప్పాలి. పెద్ద గాలికి పడవ తిరగబడిపోయింది. అయ్య నీళ్లల్లో మునిగి సచ్చిపోయాడు. సచ్చిపోతే ఊపిరుండదు. ఆకలెయ్యదు, చలెయ్యదు, నొప్పుండదు. అయ్య ఇంక ఇంటికి రాడు. నాకూ ఏడుపొస్తంది. నేనూ అవ్వా నీ దగ్గరే ఉంటాం.”

ఇంతే. ఇక్కడ ఆగిపోవాలి. స్వర్గం, కర్మ, పైనుంచి చుక్కై చూస్తున్నాడు వంటివి కలపకండి. “సచ్చిపోయాడు” అన్న మాట నోట రాక తల్లి రెండుసార్లు ఆగిపోతుంది. ఆగనివ్వండి, మీరు అందుకుని పూర్తి చెయ్యకండి. మీ చెయ్యి ఆవిడ వీపు మీద ఉంటే చాలు.

విన్నాక పిల్ల “మరి నా బిస్కెట్టేదీ?” అని ఆటకు పరిగెత్తవచ్చు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు “గుంటకేం తెలుసు పాపం” అంటారు. తెలిసింది. పసిపిల్లలు దుఃఖాన్ని ఒక్కసారిగా మొయ్యలేరు, కొంచెం మోసి దించేస్తారు. రాత్రి పక్క మీద అడుగుతుంది, తెల్లారి నీళ్లు పోస్తుంటే అడుగుతుంది: “అయ్య ఎప్పుడొత్తాడు?” ప్రతిసారీ అవే మాటలు, అదే వరుసలో చెప్పాలి. తల్లి విసిగిపోయి “ఎన్నిసార్లు చెప్పాలే!” అనడం సహజం. అందుకే ఆ వాక్యాలు అవ్వకూ నేర్పండి, వంతులేసుకుంటారు.

పైకి అడగని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. నా వల్లే జరిగిందా, అమ్మ కూడా పోతుందా, నాకు అన్నమెవరు పెడతారు. మొదటిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ ఈడు పిల్లలకు తాము అనుకున్నది, అన్నది జరిగిపోతుందనే నమ్మకం ఉంటుంది. వేటకెళ్లే పొద్దున “నువ్వు నాకొద్దు పో” అని అలిగిన పిల్ల ఆ మాటే పడవను ముంచిందని లోపల్లోపల నమ్మవచ్చు. అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పాలి: “నువ్వేం సెయ్యలేదు. నువ్వన్న మాటకు పడవ మునగదు. గాలికి మునిగింది.” రెండోదానికి “నాకేం కాదు” అని ఒట్టు పెట్టకూడదు. “నేను గట్టిగా ఉన్నాను, నిన్ను పెంచి పెద్ద చేస్తాను” అంటే సరిపోతుంది.

శవం దొరకని ఇల్లు ఇంతకంటే కష్టం. పాలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన విమాన సైనికుల కుటుంబాలను చూసి, ఇలాంటి తెగని దుఃఖం గురించి రాసింది. ఉన్నాడో లేడో తెలియని చోట ఏడవడమూ కుదరదు, మానడమూ కుదరదు. మన వాడల్లో దీని రూపం మీకు తెలుసు. ఒకరు గాజులు తియ్యమంటారు, ఇంకొకరు తియ్యొద్దంటారు. ఆ రగడంతా పిల్ల ముందే నడుస్తుంది. ఆ రోజుల్లో పిల్లకు చెప్పాల్సింది మనకు తెలిసినంతే: “అయ్య పడవ ఇంకా కనబళ్లేదు. మావయ్యలు వెతుకుతున్నారు. తెలిసిన వెంటనే నీకు చెబుతాను.” వస్తాడనీ అనకండి, పోయాడనీ అనకండి. పెద్దలు ఆశ వదులుకుని దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసిన రోజున, పైన చెప్పిన మాటలను “అయ్య దొరకలేదు, సచ్చిపోయాడని పెద్దలందరం అనుకుంటున్నాం” అని మార్చి చెప్పించండి. ఏడేళ్లు జాడ లేకపోతేనే మరణించినట్టు చట్టం భావించడం కాగితాల సంగతి. పిల్ల మనసును అంతకాలం ఒడ్డున నిలబెట్టలేం.

కర్మకు పిల్లను తీసుకెళ్లొచ్చా? నా అభిప్రాయం, తీసుకెళ్లొచ్చు. అయితే అక్కడ కనబడేది ముందే చెప్పాలి: అన్నయ్యకు గుండు గీస్తారు, అందరూ ఏడుస్తారు, మంట ఉంటుంది. పిల్లకు నచ్చకపోతే వెంటనే ఎత్తుకుని బయటికి తెచ్చే మనిషి ఒకరు విడిగా ఉండాలి. రానంటే బలవంతం వద్దు.

పిల్ల జడుసుకుందని అవ్వ తాడు కట్టిస్తానంటే మీరు మొహం చిట్లించకండి. ఆ కాసేపు పిల్ల అవ్వ ఒళ్లో ఉంటుంది, అందరి చూపూ ప్రేమగా తన మీదే ఉంటుంది, అది మంచిదే. ఆకులు నూరి పోస్తానంటే, వాత పెడతానంటే మాత్రం అడ్డుపడాలి. సాయం పంచడానికొచ్చి పిల్ల చేతిలో బియ్యం సంచి పెట్టి ఫోటో తీసి “మీ నాన్న ఎలా పోయాడమ్మా” అని అడిగేవాళ్లకూ అంతే గట్టిగా అడ్డుపడాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లో ఇల్లు చెదిరిన పిల్లల కోసం నర్సరీలు నడిపిన అన్నా ఫ్రాయిడ్ ఒక సంగతి గమనించింది. తల్లి పక్కనే ఉండి తను కుదురుగా ఉంటే పిల్లలు బాంబుల మోతను కూడా చాలావరకు తట్టుకున్నారు. వాళ్లను ఎక్కువగా కుంగదీసింది తల్లి నుంచి విడదీయడం. కాబట్టి “కొన్నాళ్లు బరంపురం పిన్ని దగ్గర ఉంచుదాం” అనే సలహాకు తొందరపడి తలూపకండి. తల్లి తిండి, నిద్ర ముందు చూడండి. పిల్ల ముందు ఏడ్చినా ఫరవాలేదు, ఎందుకేడుస్తోందో చెబితే చాలు. తల్లి రోజుల తరబడి లేవకపోయినా, చచ్చిపోవాలని ఉందన్నా ఆగొద్దు. ఆవిణ్ణి ఒంటరిగా వదలకుండా 14416కు ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, మనసు బాగోనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ, ఒడియాతో పాటు తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లను చూసే దిక్కు లేకపోతే పిల్లల సాయం నంబరు 1098కు ఫోన్ చెయ్యండి.

బడిలో ఒడియాలో పాఠం చెప్పే మాస్టారికీ, అంగన్‌వాడీ దీదీకీ ఇంట్లో చెప్పిన మాటనే చెప్పి ఉంచాలి. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి వింటే పిల్ల ఇద్దరినీ నమ్మదు. నెల దాటాక కూడా పిల్ల మాట్లాడకపోయినా, తినకపోయినా, రాత్రుళ్లు అరుస్తూ లేస్తున్నా, ఒకే ఆట నవ్వూ మార్పూ లేకుండా సాగుతున్నా బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి.

ఈ వారం అభ్యాసం: పైన ఇచ్చిన నమూనాను మీ వాడ మాటలోకి మార్చి రాసుకోండి. తర్వాత స్నేహితురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చెప్పండి. ఆవిడ పిల్లలా మధ్యలో అడ్డుపడాలి: “అయ్యకు చలేస్తదా?”, “చేపలు కరుస్తాయా?”, “రేపొత్తాడా?” ఒక్కోదానికి ఒక్క వాక్యంలోనే జవాబివ్వండి. ఎక్కడ మీ నోట “నిద్ర”, “ఊరు”, “తీసుకుపోయింది” దొర్లాయో ఆవిడ గుర్తుపెట్టాలి. తర్వాత మీరు పిల్లగా కూర్చోండి.

6వ పాఠం: పక్క తడపడం, వేలు చీకడం, అమ్మ కొంగు వదలకపోవడం.