ఈక్వలైజర్ మనమే రాద్దాం, 3వ భాగం: మూడు ముక్కలు చేసి మళ్లీ అతికిద్దాం

పోయిన భాగంలో వన్ పోల్ లోపాస్ (తక్కువ ఫ్రీక్వెన్సీలని పంపి ఎక్కువవాటిని తగ్గించే సాదా ఫిల్టర్) రాశాం కదా, ఒక్క లైనే, లో = లో + ఎ × (ఇన్‌పుట్ − లో) అని. ఇవాళ దాంతోనే మొదలు. చేయబోయేది ఏంటంటే వచ్చే సౌండ్‌ని బాస్, మిడ్, ట్రెబుల్ అని మూడు బ్యాండ్లుగా విడగొట్టి, ఒక్కోదాన్ని ఒక్కో గెయిన్‌తో గుణించి, మళ్లీ కలిపేయడం. విడగొట్టడం ఎవరైనా చేసేస్తారు. స్లైడర్లు మూడూ 0 డీబీ దగ్గర, అంటే పెంచకుండా తగ్గించకుండా ఉన్నప్పుడు లోపలికెళ్లిన పాట అలాగే బయటికి రావాలి, తిప్పలన్నీ అక్కడే.

హద్దులు 300 హెర్ట్జ్, 3000 హెర్ట్జ్ అనుకుందాం, శాంపిల్ రేట్ (సెకనుకి ఎన్ని శాంపిళ్లు) 48000. పోయినసారి ఫార్ములాతో, ఎ = 1 − exp(−2పై × హద్దు ÷ శాంపిల్ రేట్), లెక్కేస్తే 300కి ఎ విలువ 0.0385, 3000కి 0.325 రావాలి. మీకు 300కి 0.006 లాంటిది వచ్చిందంటే 2పై వెయ్యడం మర్చిపోయారన్నమాట.

ఇప్పుడు చిన్న చిట్కా. హైపాస్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలని పంపేది), బ్యాండ్‌పాస్ (మధ్యవాటిని పంపేది) ఏవీ రాయక్కర్లేదు, లోపాస్‌లు రెండు చాలు. 300 లోపాస్ నుంచి వచ్చింది బాస్. 3000 లోపాస్ నుంచి వచ్చిన దాంట్లోంచి బాస్ తీసేస్తే మిడ్. ఒరిజినల్‌లోంచి 3000 లోపాస్‌ది తీసేస్తే ట్రెబుల్. మూడూ కలిపి చూడండి, తీసేసినవన్నీ తిరిగి కలిసిపోయి ఇన్‌పుట్టే మిగులుతుంది, ఎవరి దగ్గర తీసుకున్నది వాళ్లకే ఇచ్చేసినట్టు లెక్క చెల్లు. అవుట్‌పుట్‌లోంచి ఇన్‌పుట్ తీసేస్తే సున్నా రావాలి, రాకపోతే కోడ్‌లో ఏదో తప్పుంది. స్టీరియో అయితే ఎడమకి వేరే లో, కుడికి వేరే లో పెట్టుకోండి, ఒకే వేరియబుల్ రెండిటికీ వాడితే సౌండ్ కలగాపులగం అయిపోతుంది, అందరం ఒకసారి చేసే తప్పే ఇది.

ఇక్కడితో ఆపేసినా పనిచేసే ఈక్వలైజర్ మీ చేతిలో ఉన్నట్టే. కానీ బాస్ స్లైడర్ బాగా పెంచి వినండి, గొంతు కూడా లావైపోతుంది. ఎందుకంటే ఈ ఫిల్టర్ వాలు ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపు అయిన ప్రతిసారీ, 6 డీబీయే, 300 దగ్గర కట్ పెట్టినా 600 దగ్గర తగ్గేది 7 డీబీ, 1200 దగ్గర 12 చిల్లర, అంటే బాస్ అని మనం పేరు పెట్టింది మిడ్‌లోకి చాలా దూరం చొరబడి కూర్చుంది.

సరే నిటారు ఫిల్టర్ పెడదాం అని నేను మొదట్లో సెకండ్ ఆర్డర్ (వాలు రెట్టింపు ఉండే) బటర్‌వర్త్ రకం లోపాస్ ఒకటి, హైపాస్ ఒకటి పెట్టి కలిపేశాను. వింటే పాట మధ్యలో గుంత పడ్డట్టు ఏదో పలచన. రెండ్రోజులు హెడ్‌ఫోన్స్‌ని అనుమానించాను పాపం. విషయం ఏంటంటే హద్దు దగ్గర ఆ రెండూ 180 డిగ్రీల తేడాతో ఉంటాయి, ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి సరిగ్గా అంతే వెనక్కి లాగుతుంది, కలిపితే సున్నా. ఒకదాని గుర్తు తిప్పేస్తే గుంత పోతుంది గానీ ఆ చోట 3 డీబీ బుడిపె లేస్తుంది.

దీనికి మందు లింక్‌విట్జ్ రైలీ ఫిల్టర్. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో స్పీకర్ క్రాస్‌ఓవర్ల (సౌండ్‌ని బ్యాండ్లుగా చీల్చేవాటి) కోసం పేపర్ రాశారు, రైలీ ఆయన సహోద్యోగి. పేరు పెద్దదే గానీ చేసేది చిన్న పని, క్యూ (హద్దు దగ్గర మలుపు ఎంత పదునో చెప్పే అంకె) 0.707 ఉన్న బటర్‌వర్త్ లోపాస్‌ని వరసగా రెండుసార్లు పెట్టడం, హైపాస్‌కీ అంతే. హద్దు దగ్గర రెండూ 6 డీబీ తగ్గి, అంటే సగం సగం అయి, ఒకే ఫేజ్‌లో, అంటే అలలు ఒకేసారి లేచి ఒకేసారి పడుతూ వస్తాయి, సగం సగం కలిస్తే ఒకటి. వాలు ఆక్టేవ్‌కి 24 డీబీ, 600 దగ్గర బాస్ మిగిలేది 17వ వంతే. ఇందులో ఇంకో సుఖం ఉంది, బాస్ రెట్టింపు చేసి మిడ్ అలాగే వదిలేస్తే 300 దగ్గర సరిగ్గా ఒకటిన్నర రెట్లు, 3.5 డీబీ వస్తుంది, గుంతా లేదు బుడిపా లేదు.

మూడు బ్యాండ్లకి ముందు 300 దగ్గర చీల్చి, పై ముక్కని మళ్లీ 3000 దగ్గర చీలుస్తాం. ఇక్కడో మెలిక. పై ముక్క రెండో క్రాస్‌ఓవర్ గుండా వెళ్లి ఫేజ్ తిరిగి వస్తుంది, బాస్ మాత్రం నేరుగా వచ్చేసింది, ఇక ఇద్దరికీ అడుగు కలవదు. 300, 3000 లాంటి దూరపు హద్దులకైతే 300 దగ్గర నష్టం 0.1 డీబీ కూడా ఉండదు, వదిలేయొచ్చు. అదే 300, 600 పెట్టారనుకోండి, దాదాపు 2.8 డీబీ పోతుంది, అది చెవికి తెలుస్తుంది. అప్పుడు బాస్ దారిలో కూడా రెండో హద్దు దగ్గర క్యూ 0.707 ఉన్న సెకండ్ ఆర్డర్ ఆల్‌పాస్ (దేన్నీ తగ్గించకుండా ఫేజ్ మాత్రం తిప్పే ఫిల్టర్) ఒకటి పెట్టాలి, లింక్‌విట్జ్ రైలీ జంట కలిస్తే అయ్యేది సరిగ్గా ఆ ఆల్‌పాసే కాబట్టి లెక్క కుదిరిపోతుంది. నేనైతే హద్దులు ఎంత దూరమున్నా పెట్టేస్తాను, తర్వాత ఎవరో హద్దు జరిపినప్పుడు మళ్లీ తల పట్టుకోనక్కర్లేదు. మొత్తం ఛానల్‌కి 9 బైక్వాడ్లు (సెకండ్ ఆర్డర్ ఫిల్టర్ ముక్కలు).

ఒక్క హెచ్చరిక, పైన చెప్పిన తీసివేత పరీక్ష దీనికి పనిచేయదు. ఫేజ్ తిరిగిపోయింది కాబట్టి ఇన్‌పుట్ తీసేస్తే సున్నా రాదు, రాలేదని కోడ్ మొత్తం చెరిపేయకండి. ఒకే ఒక్క శాంపిల్ 1, మిగతావన్నీ 0 ఇచ్చి, వచ్చిన దాన్ని ఎఫ్ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే లెక్క) చేసి చూడండి, గీత 0 డీబీ మీద బల్లపరుపుగా ఉండాలి. ఈ వారం అదే పని, 300, 600 హద్దులతో ఆల్‌పాస్ లేకుండా ఓసారి, ఆల్‌పాస్ పెట్టి ఓసారి గీయండి.

గెయిన్ ఎలాగూ 10 పవర్ (డీబీ ÷ 20), +12 అంటే దాదాపు 4 రెట్లు, కాబట్టి బాస్ పెంచేముందు మొత్తం వాల్యూమ్ కాస్త తగ్గించుకోండి, లేకపోతే క్లిప్ అయ్యి (గరిష్ఠం దాటి అల కొస తెగిపోయి) ఆ నింద ఫిల్టర్ మీద పడుతుంది. పాట నడుస్తుండగా స్లైడర్ జరిపితే వచ్చే చిటపటల సంగతి 4వ భాగంలో.