బారసాల రోజు బిడ్డను చేతులు మార్చేటప్పుడు

మా చెల్లెలి కూతురి బారసాల నాడు ఊరికే లెక్కపెట్టాను. పొద్దున స్నానం నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా బిడ్డ 23 సార్లు చేతులు మారింది. అప్పటికి పిల్ల వయసు 21 రోజులు. ఎత్తుకున్నాక తడబడినవాళ్లు ఒకరిద్దరే. తడబాటంతా ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడే. ఒక పెద్దావిడ "ఇలా ఇవ్వమ్మా" అని చేతులు చాచింది. మా పిన్ని ఇచ్చేసింది. ఆవిడేమో ఇంకా పవిట సర్దుకుంటూనే ఉంది! మధ్యలో నా చెయ్యి అడ్డం పడింది కాబట్టి సరిపోయింది.

అందుకే ఉయ్యాలకు పూలెవరు కట్టాలో మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతీ ఇంట్లో మాట్లాడుకోండి.

పుట్టిన బిడ్డ పొడవులో తలే దాదాపు నాలుగో వంతు ఉంటుంది. అంత తలను ఆపే బలం మెడకు ఉండదు. మూడు నాలుగు నెలలు నిండితే గానీ మెడ సరిగా నిలవదు. అప్పటిదాకా తల కింద ఎవరిదో ఒకరి చెయ్యి ఉండి తీరాలి. చేతులు మారే ఆ రెండు క్షణాల్లో కూడా.

మా ఇంట్లో ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. ఇచ్చే మనిషి, పుచ్చుకునే మనిషి భుజాలు తగిలేంత దగ్గరగా వస్తారు. దూరం నుంచి చేతులు చాచి అందుకోవడం లేదు. పుచ్చుకునేవాళ్లు ఒక చెయ్యి తల, మెడ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి "పట్టుకున్నాను" అని పైకి అనాలి. ఆ మాట వినబడ్డాకే ఇచ్చేవాళ్లు వదలాలి, అదీ తల కింది చెయ్యి ఆఖరున. మొదట్లో అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి మా మావయ్య కూడా "పట్టుకున్నానమ్మోయ్" అని కేకేసి మరీ తీసుకున్నాడు.

పిల్లలకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నిలబడి ఇవ్వనేవద్దు. గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, ఒళ్లో దిండు వేసి, దాని మీద పడుకోబెట్టండి. పక్కన ఇంకొకరు ఉండాలి.

పట్టుచీరల సంగతి విడిగా చెప్పాలి. పట్టు మీద పట్టు జారుతుంది. బిడ్డకు జరీ బట్టలు వేసినా పైన ఒక మెత్తటి నూలుగుడ్డ చుట్టి ఇవ్వండి. కాళ్లు మాత్రం చాపి బిగించి కట్టొద్దు, తుంటి కీళ్లకు మంచిది కాదు. మోకాళ్లు ముడుచుకుని కదిలేలా వదులుగా ఉండాలి. ఇక పవిటకు పిన్నీసు పెట్టుకునేది ఎడమ భుజానికి, మనలో చాలామంది బిడ్డ తల ఆనించుకునేదీ అక్కడే. ఎత్తుకునే ముందు అది తీసేయాలి. ఉంగరాలు, రాళ్ల గాజులు కూడా చూసుకోవాలి.

ఒక చేతిలో బిడ్డ, ఇంకో చేతిలో కాఫీ గ్లాసు, ఈ దృశ్యం ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. వద్దు, అంతే.

ఫొటోల దగ్గర మరీ జాగ్రత్త. అందరూ కెమెరా వైపు చూస్తారు, బిడ్డ వైపు ఎవరూ చూడరు. గడ్డం ఛాతీకి నొక్కుకుపోకుండా, ముక్కు మీద గుడ్డ గానీ పవిట గానీ పడకుండా చూసే పని ఒకరికి అప్పజెప్పండి.

చేతులు కడుక్కోనిదే బిడ్డను ఇవ్వకండి. జలుబు, దగ్గు, పెదవి మీద పొక్కులు ఉన్నవాళ్లు దూరం నుంచే దీవిస్తే చాలు. ముద్దులు ఎవరికీ వద్దు. పెద్దవాళ్లతో ఈ మాట అనడం కష్టమే. "డాక్టరుగారు వద్దన్నారండీ" అంటే ఎవరూ నొచ్చుకోరు. నేను అదే చేశాను.

సాయంత్రానికి బిడ్డ ఏడుపు అందుకుంటుంది. అన్ని చేతులు మారితే ఏడవదా మరి! అప్పుడు ఎవరో ఒకరు ఎగరేసి ఆడించబోతారు, విసుగొచ్చి గట్టిగా కుదపబోతారు. ఉయ్యాల మెల్లగా ఊపడం వేరు, ఇది వేరు. కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. ఓపిక నశిస్తే బిడ్డను చదునుగా, వెల్లకిలా పడుకోబెట్టి ఇంకొకరిని పిలవండి. ఎవరూ లేకపోతే పక్కగదిలో రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకుని రండి. ఆ కాసేపు ఏడిస్తే బిడ్డకేం కాదు.

నూనె రాసిన బిడ్డ చేపలా జారుతుంది. కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసే ఆవిడకు అలవాటే, ప్రమాదం ఆ కాళ్ల మీది నుంచి లేపి ఇచ్చేటప్పుడు. అందుకునేవాళ్లు ముందే తువ్వాలు పరిచి పట్టుకుని సిద్ధంగా ఉండాలి.

బాలింత సంగతి ఎవరూ పట్టించుకోరు. చంకల కింద చేతులేసి, బొటనవేళ్లు చాపి పదేపదే లేపితే మణికట్టులో బొటనవేలి వైపు నొప్పి పట్టుకుంటుంది. అరచేతులు పైకి తిప్పి, చేట కింద చెయ్యి పెట్టినట్టు, కింది నుంచి ఎత్తుకుంటే ఆ బాధ తగ్గుతుంది. ఆపరేషన్ అయినవాళ్లు పాలిచ్చేటప్పుడు బిడ్డను పొట్ట మీద కాకుండా, పక్కన దిండు మీద చంక కిందికి వచ్చేలా పెట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు. చుట్టాలు వెళ్లాక అలసటతో సోఫాలో బిడ్డను పట్టుకునే కునుకు తీయడం చాలా ప్రమాదం. పక్కకు జారి మెత్తల మధ్య ఊపిరాడకపోవచ్చు. కళ్లు మూతలు పడుతుంటే బిడ్డను ఇంకెవరికైనా ఇచ్చేయండి.

ఇంత చేసినా బిడ్డ కింద పడితే, మూడు నెలల లోపు పసిబిడ్డయితే బాగానే కనబడుతున్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి. వాంతులు, ఫిట్స్, లేపినా లేవని మత్తు, మాడు ఉబ్బడం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోన్ చేయండి. ఎవరి చేతుల్లోంచి పడిందన్న పంచాయితీ ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.