వాక్యం సిద్ధపాటు – నాలుగో పాఠం: జక్కయ్య ఇంట్లో ఏది ముందు జరిగింది?

గత పాఠంలో వాక్యభాగం చదివేటప్పుడు దేవుడు చేసిన పని కింద నీలం గీత, మనిషి చేసిన పని కింద ఎర్ర గీత పెట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఆ గీతలు చూసి ప్రసంగం కట్టడం నేర్చుకుందాం. గృహ కూడికల్లో పది నిమిషాలు మాట్లాడేవాళ్లకూ, పాస్టరు అయ్యగారు ఊళ్లో లేని ఆదివారం ఆరాధన నడిపించే సంఘ పెద్దలకూ ఈ పాఠం పనికొస్తుంది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో చాలా సంఘాలు ఇలాంటివాళ్ల మీదే నడుస్తున్నాయి. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా మనవి.

లూకా సువార్త 19వ అధ్యాయం, 1 నుంచి 10 వచనాలు తెరవండి. ముందు గీతలు పెట్టండి, తర్వాత ఇది చదవండి.

జక్కయ్య సుంకపు గుత్తదారుడు, ధనవంతుడు. యేసును చూడాలని మేడిచెట్టు ఎక్కాడు. 5వ వచనంలో యేసు అతన్ని పేరు పెట్టి పిలిచి, “నేడు నేను నీ యింట నుండవలసియున్నది” అన్నాడు. ఇది నీలం గీత. ఆస్తిలో సగం పేదలకు ఇస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి చెల్లిస్తాను అని జక్కయ్య చెప్పింది 8వ వచనంలో. ఇది ఎర్ర గీత. ఈ రెంటి మధ్య షరతు ఏమైనా ఉందేమో వెతకండి. “ముందు డబ్బు తిరిగి ఇవ్వు, అప్పుడు వస్తాను” అని ప్రభువు అనలేదు. మధ్యలో ఉన్నది జక్కయ్య సంతోషం, జనం సణుగుడు, అంతే.

ఇప్పుడు అదే సువార్తలో 3వ అధ్యాయానికి వెళ్లండి. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చిన సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, “మేమేం చేయాలి?” అని అడిగారు. నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దని యోహాను చెప్పాడు. 19వ అధ్యాయంలో అదే వృత్తిలో ఉన్న మనిషి దానికి ఎన్నో రెట్లు చేస్తున్నాడు. మోషే ధర్మశాస్త్రం అడిగేది కూడా ఇంత కాదు. సంఖ్యాకాండం 5:7 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి ఇస్తే సరిపోతుంది. నాలుగంతలు అనేది నిర్గమకాండం 22:1లో గొర్రెను దొంగిలించి కోసేసినవాడికీ, అమ్మేసినవాడికీ పెట్టిన లెక్క. జక్కయ్య తనంతట తానే తనను ఆ దొంగ వరసలో నిలబెట్టుకున్నాడు. ప్రభువు వేలెత్తి చూపకుండానే తన పాపాన్ని అంత స్పష్టంగా చూడగలిగాడంటే, తన ఇంట్లో కూర్చున్న అతిథి వల్లే.

కృపను, అంటే అర్హత చూడకుండా దేవుడు చూపే దయను, ముందు చెబితే జనం పాపాన్ని తేలిగ్గా తీసుకుంటారని మన బోధకుల్లో చాలామందికి భయం. ఆ భయం వల్లే మైదానంలో పెట్టే సువార్త కూటాల్లో గంటసేపు నరకం గురించి చెప్పి, చివరి ఐదు నిమిషాల్లో సిలువ సంగతి పైపైన చెప్పి వదిలేస్తాం. ఇంకోవైపు, “అంతా కృపే, మీరేమీ చేయక్కర్లేదు” అని చెప్పి ఆశీర్వాదాలతో ముగించే ప్రసంగాలున్నాయి. అక్కడ 5వ వచనం ఉంటుంది గానీ 8వ వచనం ఉండదు. తీతుకు రాసిన పత్రిక 2:11-12 ఈ రెంటినీ కలిపే చెబుతుంది. రక్షణకరమైన కృపే భక్తిహీనతను విసర్జించమని మనకు బోధిస్తుందట. కృప మనల్ని క్షమించి ఊరుకోదు, కూర్చోబెట్టి నేర్పుతుంది.

ఇక పని మొదలుపెడదాం. ప్రసంగం రాసే ముందు నోట్సు పుస్తకంలో ఒకే ఒక వాక్యం రాయండి: “దేవుడు ఇది చేశాడు, కాబట్టి మనం ఇది చేద్దాం.” ఖాళీలు మీ వాక్యభాగం నుంచే నింపాలి, బయటనుంచి తేకూడదు. మీరు రాసింది “మనం ఇది చేస్తే దేవుడు అది చేస్తాడు” అన్న రూపంలోకి జారిపోయిందేమో చూసుకోండి. జారితే ఆగి, మళ్లీ గీతల దగ్గరికి వెళ్లండి.

ఇక్కడ మీకొక ప్రశ్న రావాలి. 1 యోహాను 1:9లో “మన పాపములను మనము ఒప్పుకొనినయెడల” అని ఉంది కదా? ఉంది. కానీ పై వచనాలు కూడా చదవండి. 7వ వచనంలో యేసు రక్తం ప్రతి పాపం నుంచి మనల్ని పవిత్రులుగా చేస్తుందని ముందే చెప్పాడు. 9వ వచనంలోనైనా క్షమాపణ ఆనుకున్నది మన ఒప్పుకోలు గట్టిదనం మీద కాదు, ఆయన నమ్మదగినవాడు కావడం మీద. పెంతెకొస్తు రోజున పేతురు “మారుమనస్సు పొందండి” అన్నది కూడా అపొస్తలుల కార్యములు 2:38లో. దానికి ముందు 22వ వచనం నుంచి దేవుడు యేసు ద్వారా ఏం చేశాడో చెబుతూనే ఉన్నాడు. “ఒప్పుకొనినయెడల” లాంటి షరతు మాట ఎక్కడ కనబడినా, దాని పైన ఏముందో చూడకుండా ప్రసంగించకండి.

తర్వాతి మెట్టు కష్టమైనది. మారుమనస్సు అన్నప్పుడు ఏ పాపం పేరు చెబుతున్నాం? మన కూడికల్లో ఎక్కువగా వినబడేవి సారాయి, బీడీ, సినిమా. వాటి గురించి మాట్లాడొద్దని నేననను. కానీ లూకా 3వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను జనానికొకటి, సుంకరులకొకటి, సైనికులకొకటి చెప్పాడు. ఎవరి చేతిలో ఏ అధికారం ఉందో దాన్ని బట్టి చెప్పాడు. మామిడి సీజన్లో దామలచెరువు వైపు ఒక సంఘంలో మాట్లాడుతున్నారనుకోండి. కాటా వేసేవాడికి తరుగు గురించీ, అప్పు ఇచ్చేవాడికి వడ్డీ గురించీ, కొడుకు పెళ్లి కుదుర్చుకుంటున్న తండ్రికి కట్నం గురించీ, ప్రభువు బల్ల దగ్గర కూడా కులం చూసుకుని నిలబడేవాళ్లకు ఆ దూరం గురించీ చెప్పాలి. పేరు పెట్టకుండా “పాపం, పాపం” అంటూ పోతే ఒక ప్రమాదముంది. మెత్తని మనసున్నవాళ్లు అదంతా తమ మీదే వేసుకుంటారు. తగలాల్సినవాడు హాయిగా తల ఊపుతూ కూర్చుంటాడు.

దీని గురించి ఇంకొంచెం చెప్పాలి. మొగుడి చేతిలో దెబ్బలు తిని, చెంగుతో చెంప దాచుకుని వెనక వరసలో కూర్చున్న చెల్లెలు ఉంటుంది. ఆమెకు ఆ రోజు కావలసింది 5వ వచనం. ప్రభువు నీ ఇంటికి వస్తాడు, నీ పేరు ఆయనకు తెలుసు అన్న మాట. “క్షమించు, సర్దుకుపో, నీలో ఏం లోపముందో చూసుకో” అని ఆమెతో అంటే అది మారుమనస్సు ప్రసంగం కాదు, ఆమె మీద ఇంకో దెబ్బ. ఆ మొగుడు కూడా అక్కడే ఉంటే 8వ వచనం అతనిది: చేయి ఎత్తడం ఆపాలి, చేసింది పెద్దల ముందు ఒప్పుకోవాలి, ఆమె భయం పోయేదాకా దూరంగా ఉండమంటే ఉండాలి. కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా అని అతన్ని అదే రోజు సాక్ష్యం చెప్పడానికి ముందుకు పిలవకండి. జక్కయ్య ఏడ్చాడని లూకా రాయలేదు, ఎంత తిరిగి ఇస్తానన్నాడో రాశాడు.

వినేవాళ్ల జాబితాలో మీ పేరు కూడా రాసుకోండి. పుత్తూరు, తిరుపతి వైపు లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్లు ఇది విని ఉంటారు: 1517లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన 95 సిద్ధాంతాల్లో మొదటిదే, విశ్వాసుల జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని ప్రభువు కోరాడని చెబుతుంది. బాప్తిస్మం రోజుతో అయిపోయే పని కాదది. బోధకుడికైతే అసలే కాదు.

మైకు బయటికి తిప్పి ఉన్నప్పుడు ఇంకో జాగ్రత్త. తిరుపతి లాంటి ఊళ్లో మన కూడిక పక్కింటివాళ్లకూ వినబడుతుంది. వాళ్ల పూజల మీద విసుర్లు వేయడం మారుమనస్సు బోధ కాదు. తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు రాశాడు (1 పేతురు 4:17). మన తప్పులు మనం ఒప్పుకుంటుంటే వాళ్లు వినడంలో నష్టం లేదు.

ఈ వారం అభ్యాసం 2 సమూయేలు 12:1-14. నాతాను ప్రవక్త దావీదు రాజును గద్దించిన భాగం. గీతలు పెట్టేటప్పుడు 7, 8 వచనాల దగ్గర నిదానించండి. “ఎందుకు తృణీకరించావు?” అని అడగడానికి ముందు, దేవుడు దావీదుకు ఏమేమి ఇచ్చాడో నాతాను వరసగా చెబుతాడు. 13వ వచనంలో ఒప్పుకోలు, క్షమాపణ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 14వ వచనంలో పాపం మిగిల్చిన నష్టం మాత్రం పోలేదు. ఆ మూడు చోట్లనూ కలుపుకుని మీ “కాబట్టి” వాక్యం రాయండి. తర్వాత దాన్ని మీ సంఘంలో ఇద్దరిని మనసులో పెట్టుకుని రెండుసార్లు పైకి చదవండి. ఒకరు బాగా నలిగిపోయినవాళ్లు, ఇంకొకరు ఏ మాటా తగలనివాళ్లు అయి ఉండాలి. ఎవరి దగ్గర మీ వాక్యం తడబడిందో పక్కన రాసి పెట్టుకోండి. ఐదో పాఠంలో 51వ కీర్తనతో పాటు ఆ నోట్సు తీసి పని చేద్దాం.