నంది కొండ మీద సైకిల్ పెడల్ తిరగట్లేదా? ముందు గేరు పళ్లు లెక్కపెట్టండి

సమస్య: బెంగళూరు మారతహళ్లి నుంచి తెల్లవారుజామున సైకిల్ మీద బయల్దేరి, దేవనహళ్లి దాటి కొండ అడుగుకు హాయిగానే చేరతారు. ఘాట్ మొదలయ్యాక పెడల్ బరువెక్కుతుంది. పై మలుపుల్లో లేచి నిలబడి తొక్కాల్సిందే. మర్నాడు మోకాళ్ల నొప్పి.

కారణం: మన కుర్రాళ్లు చాలామంది "నాకు స్టామినా లేదు" అని కుంగిపోతారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. చాలాసార్లు తప్పు కాళ్లది కాదు, గేరుది. ముందు పెడల్ దగ్గరుండే పళ్ల చక్రాల్లో (రింగ్‌లు) చిన్నదానికి 39 పళ్లు, వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తిలో (క్యాసెట్) పెద్దదానికి 25 ఉన్నాయనుకోండి. చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంటే పెడల్ నిమిషానికి 41 సార్లే తిరుగుతుంది. అదే వేగానికి 34-28 (ముందు 34, వెనక 28) అయితే 52, 34-34 అయితే 63. పడే కష్టం మొత్తం మీద అంతే, కానీ ఒక్కో తొక్కుకు మోకాలి మీద పడే భారం బాగా తగ్గుతుంది.

పరిష్కారం: మొదట క్యాసెట్ మార్చండి, ఖర్చు తక్కువ. పెడల్‌ను, రింగ్‌లను పట్టి ఉంచే భాగం క్రాంక్. రింగ్ బోల్టుల వలయం వ్యాసం 130 మిల్లీమీటర్లుండే పాత క్రాంక్‌కు 38 పళ్ల కంటే చిన్న రింగ్ పట్టదు. 34 కావాలంటే క్రాంకే మార్చాలి. 11-34 క్యాసెట్ (చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 34) కొనేముందు వెనక డీరైలర్, అంటే చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే పరికరం, ఎంతవరకు ఒప్పుకుంటుందో చూడండి. షిమానో 105 ఆర్7000 అనే మోడల్‌లో పొట్టి కేజ్‌కు (డీరైలర్ కింది చేయి) 30 పళ్లే హద్దు, పొడుగు కేజ్‌కు 34.

పెద్ద క్యాసెట్ వేశాక డీరైలర్ బిగుసుకుపోతోందా? చైన్ పొట్టిదైంది. నాకు ఒక షాపులో పాత చైన్‌నే ఉంచేసి ఇచ్చారు. ముందు పెద్ద రింగ్, వెనక పెద్ద చక్రం పడగానే డీరైలర్ సాగిపోయి, దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది. అందుకే రోడ్డెక్కకముందే సైకిల్‌ను స్టాండ్ మీద పెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఆ జోడీ చూడండి. డీరైలర్ పైచక్రం క్యాసెట్‌కు తగిలి గరగరమంటే, ఆ రెంటి మధ్య ఎడం సరిచేసే బి-స్క్రూను కాస్త బిగించాలి.

చిన్న రింగ్‌కు మార్చగానే చైన్ లోపలికి పడిపోతోందా? ఏటవాలు మధ్యలో, బలంగా తొక్కుతూ మారుస్తున్నారన్నమాట. ఎత్తు మొదలవకముందే, కాలు తేలిక చేసి మార్చండి. అయినా పడితే ముందువైపు డీరైలర్‌కుండే లోపలి హద్దు స్క్రూ సరిచేయించాలి.

11-34తో ఒక ఇబ్బంది ఉంది. గేర్ల మధ్య ఎడం పెరుగుతుంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో చదును రోడ్డు మీద సరైన లయ దొరకడం కొంచెం కష్టం. నేనైతే నంది కోసం దానికి సర్దుకుపోయాను.