బేస్ వాయించేవాళ్లు ఎవరిని వినాలి, ఎలా వినాలి

కొత్తగా బేస్ గిటార్ పట్టినవాళ్లని మీకు ఇష్టమైన బేసిస్ట్ ఎవరని అడిగితే టకటకా పది పేర్లు చెబుతారు. ఆ పదిమందిలో ఏ ఒక్కరి లైనైనా (పాటలో బేస్ వాయించే భాగం) పాట మొత్తం వాయించమంటే చాలామంది మొదటి చరణం దాటరు. తక్కువమందిని ఎంచుకుని, ఒక్కో లైనూ ఆసాంతం చేతికి ఎక్కించుకోవడం ఎలాగో కింద ఉంది. హైదరాబాద్‌లో నేర్చుకుంటూ ఇక్కడి బ్యాండ్లలోనో, చర్చిలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో వాయించేవాళ్ల అవసరాలు చూసి రాసింది ఇది.

ముందు బేస్ వినపడాలి

నాలుగు స్ట్రింగుల బేస్‌లో అన్నిటికన్నా లావు స్ట్రింగ్ ఓపెన్‌గా మోగితే 41 హెర్ట్జ్. మిగతా మూడూ వరసగా 55, 73, 98. ఇంత కింది శబ్దాన్ని ఫోన్ స్పీకర్ పలకలేదు. దాని పైనుండే హార్మోనిక్స్‌ని మాత్రం పలుకుతుంది, కిందిదాన్ని చెవే పూరించుకుంటుంది. ఫోన్లో విని నేర్చుకున్న లైన్లలో ఆక్టేవ్ తప్పులు (అదే స్వరాన్ని ఒక స్థాయి పైనో కిందో వాయించడం) అన్నేసి ఉండేది అందుకే. చెవి మొత్తం కప్పే వైరు హెడ్‌ఫోన్స్ ఒకటి కొనుక్కోండి. పెట్టె మీద ‘ఎక్స్‌ట్రా బేస్’ అని పెద్దక్షరాలతో రాసి అమ్మేవి వద్దు, అవి ఏ పాటనైనా ఒకేలా దబదబలాడిస్తాయి.

బ్లూటూత్‌తో వినడం వరకు పరవాలేదు. బేస్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి, ఆ శబ్దాన్ని కూడా బ్లూటూత్‌లోనే వింటూ వాయిస్తే మాత్రం దెబ్బతింటారు. మీటిన నోటు మామూలుగా 150 మిల్లీసెకన్లకు పైనే ఆలస్యంగా చెవికి చేరుతుంది. 100 బీపీఎం (నిమిషానికి 100 బీట్లు) పాటలో ఒక బీటు 600 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 150. ఒక పదహారో నోటంత వెనక పడ్డ శబ్దాన్ని సర్దబోయి చెయ్యి ముందుకు పరిగెడుతుంది. నాలుగు వారాలు అలా వాయిస్తే ఆ పరుగు అలవాటైపోతుంది, తర్వాత డ్రమ్మర్ మీద కోపం తెచ్చుకుని లాభం లేదు.

ముగ్గురు చాలు

ఒక దఫాకి ముగ్గుర్ని తీసుకోండి. ఒకరు గ్రూవ్ (లయలోని ఊపు) కోసం, ఒకరు మెలడీ కోసం, ఒకరు మన పాటల్లోంచి.

గ్రూవ్‌కి జేమ్స్ జేమర్సన్‌తో మొదలుపెట్టడం మంచిది. 1960ల్లో డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి బేస్ ఆయనదే. వాడింది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్, దానికి లా బెల్లా వారి లావుపాటి ఫ్లాట్‌వౌండ్ (పైన చదునైన తీగ చుట్టి నున్నగా ఉండే) స్ట్రింగులు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు, ఆ వేలికి ‘ది హుక్’ అని పేరే పడింది. రెండు వేళ్లతో అలవాటైనవాళ్లు ఆయన లైన్లని ఒకే వేలితో ప్రయత్నించి చూడాలి. వేగం తగ్గుతుంది కానీ నోట్లన్నీ ఒకే బరువుతో పడతాయి, ఒక స్ట్రింగ్ నుంచి కింది స్ట్రింగ్‌కి వేలు జారే తీరులోనే ఆ ఊపంతా ఉందని తెలుస్తుంది.

మెలడీకి బీటిల్స్ బేసిస్ట్ పాల్ మెకార్ట్‌నీ. జాజ్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ పేరు చెప్పేవాళ్లే ఎక్కువ, కానీ జాకోతో మొదలుపెడితే వేగం మాత్రమే కనిపిస్తుంది. మెకార్ట్‌నీ లైన్లు మీరు నోటితో పాడగలరు. ఆయన తన మీద జేమర్సన్ ప్రభావం ఉందని చెప్పుకున్నారు కాబట్టి ఇద్దర్నీ పక్కపక్కన వింటే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవచ్చు. జాకో దగ్గరికి తర్వాత వెళ్లండి, అదీ జెర్రీ జెమాట్ మీదుగా. అరెథా ఫ్రాంక్లిన్‌కి, బి.బి. కింగ్‌కి వాయించిన జెమాట్ అంటే జాకోకి గురి. ఎవరు నచ్చినా వాళ్లు ఎవరిని విన్నారో వెతికి ఒక మెట్టు వెనక్కి వెళ్లడం అలవాటు చేసుకోండి. రెండు మెట్లు దాటి వెళ్తే చరిత్ర పాఠమైపోతుంది, వాయింపు ఆగిపోతుంది.

మన పాటల్లో ఇళయరాజా 1980ల పాటల్ని మించిన బడి లేదు. బేస్ పార్ట్‌ని కూడా ఆయనే నొటేషన్‌లో రాసిచ్చేవారు. వాటిలో చాలావాటికి వాయించింది శశిధరన్. గొంతు ఆగిన చోట బేస్ కదులుతుంది, గొంతు కదిలిన చోట నిలబడుతుంది. పల్లవిలో సా-పా మాత్రమే పట్టుకున్న లైను చరణం చివర పైకి పాకి పల్లవిని అందిస్తుంది. రెహమాన్ పాటల కాలానికి వస్తే కీత్ పీటర్స్‌ని వినండి. సినిమా క్యాసెట్ల మీద వాద్యకారుల పేర్లు వేసే అలవాటు ఉండేది కాదు, మోటౌన్ వాళ్లూ 1971 దాకా ఆ పని చేయలేదు. పేరు తెలియకపోయినా చెయ్యి గుర్తుపట్టడం నేర్చుకుంటే అదే పెద్ద చదువు.

లైను తీయడం

ట్యాబ్ (ఏ స్ట్రింగ్ ఏ ఫ్రెట్‌లో నొక్కాలో అంకెల్లో రాసింది) వెతకొద్దు. తెలుగు పాటలకి దొరికే ట్యాబుల్లో చాలావరకు గిటార్ కార్డుల రూట్ నోట్లే (కార్డుకి పేరిచ్చే మూల స్వరాలు), లైను కాదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో పని ఇలా.

పాటని తెరిచి కాపీ ఒకటి తీసుకోండి. కాపీ మీద లో-పాస్ ఫిల్టర్ (పై శబ్దాల్ని కోసేది) 300 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ రోలాఫ్‌తో వేయండి. గొంతు, వయొలిన్లు వెనక్కి పోతాయి. ఇప్పుడు ‘చేంజ్ పిచ్’లో 12 సెమీటోన్లు పైకి ఎత్తండి. బురదగా ఉన్న బేస్ ఒక ఆక్టేవ్ పైకొచ్చి గిటార్‌లా స్పష్టంగా వినిపిస్తుంది. వేగం ఎక్కువనిపిస్తే ‘చేంజ్ టెంపో’లో 25 శాతం తగ్గించండి. ‘చేంజ్ స్పీడ్’ నొక్కితే శ్రుతి కూడా కిందికి దిగిపోతుంది.

పాత పాటలతో ఇంకో తంటా ఉంది. టేపు నుంచి ఎక్కించినవి చాలాసార్లు రెండు శ్రుతుల మధ్య ఎక్కడో ఉంటాయి. ట్యూనర్ సరిగ్గా ఉందంటున్నా పాటతో కలవదు. అప్పుడు బేస్‌ని తిప్పకండి, పాటనే 20, 30, 40 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) అటూ ఇటూ జరిపి మీ ఓపెన్ స్ట్రింగ్‌తో కలిసేదాకా చూడండి. యూట్యూబ్‌లో కొందరు పాటని కొంచెం వేగం పెంచి పెడతారు, దానికీ ఇదే మందు.

డెమక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ పాటని గొంతు, డ్రమ్స్, బేస్, మిగతావి అని విడదీస్తుంది. ఈమధ్య పాటలకి అద్భుతంగా పనిచేస్తుంది. తబలా ఉన్న పాతపాటల్లో మాత్రం డగ్గా (తబలా జంటలో పెద్దది) మోత బేస్ వైపు వచ్చి పడుతుంది, మణికట్టుతో ఒత్తి సాగదీసిన శబ్దం అచ్చం బేస్ స్లైడ్‌లా ఉంటుంది. అనుమానం వస్తే విడదీయని అసలు పాటలో ఆ చోటే మళ్లీ వినండి. తాళంలో అదే చోట ప్రతిసారీ వస్తుంటే డగ్గానే.

ఇక తీసే వరస. మొదట పాట మొత్తానికి పల్లవి, మ్యూజిక్ బిట్, చరణం ఎన్నెన్ని బార్లో కాగితం మీద గీయండి. తర్వాత ప్రతి బార్‌లో ఒకటో బీటు మీద పడిన నోటు మాత్రమే రాయండి. ఆ తర్వాతే మధ్య నోట్లు. రాసింది వాయించే ముందు పాడండి. పాడలేని నోటు మీరు విన్నది కాదు, ఊహించింది.

ఎక్కువమంది తప్పేది మూడు చోట్ల. రూట్‌కి బదులు పంచమం రాసుకోవడం మొదటిది. కార్డుతో కలిపితే రెండూ సరిపోయినట్టే ఉంటాయి, ఒంటరిగా వాయిస్తే పాట గాల్లో వేలాడుతుంది. రెండోది ఆక్టేవ్. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, అదే నోటు పొడుగు. జేమర్సన్ లైను నోట్లన్నీ సరిగ్గా వాయించినా బొంగురుగా ఉందంటే నోట్లని ఆపాల్సిన చోట ఆపలేదన్నమాట. స్నేర్ డ్రమ్ దెబ్బ పడే క్షణానికి ఎడమచేతి వేలు ఫ్రెట్ మీద నుంచి లేవాలి, కానీ స్ట్రింగ్‌ని వదలకూడదు. తాకీ తాకనట్టు ఉంచితే శబ్దం చచ్చిపోతుంది. పూర్తిగా వదిలితే ఓపెన్ స్ట్రింగ్ గుంయ్‌మంటుంది.

వాళ్ల శబ్దం మీ బేస్‌లో

జేమర్సన్ శబ్దం కావాలని ఖరీదైన ప్రెసిషన్ కొనక్కర్లేదు. ఫ్లాట్‌వౌండ్ సెట్ వేసి, బ్రిడ్జ్ పక్కన స్ట్రింగుల కింద వేలెడు వెడల్పు స్పాంజి ముక్క దూర్చి, టోన్ నాబ్ సగానికి తగ్గిస్తే మూడొంతులు వచ్చేస్తుంది. రౌండ్‌వౌండ్లే (గుండ్రటి తీగ చుట్టి గరుకుగా ఉండేవి) ఉంటే నెక్ దగ్గరికి జరిగి మీటండి. జాకో గరగర కావాలంటే దీనికి ఎదురు: రౌండ్‌వౌండ్, చెయ్యి బ్రిడ్జ్ పికప్ మీద.

రౌండ్‌వౌండ్లు మూగబోతే చాలామంది ఉడకబెడతారు. నాలుగింటినీ విప్పి చుట్టలుగా చేసి పది నిమిషాలు నీళ్లలో మరిగిస్తే చుట్ల మధ్య ఇరుక్కున్న చెమటా మట్టీ దిగి, కొన్నాళ్లు మళ్లీ మోగుతాయి. ఇక్కడ బోరు నీళ్లతో చేయొద్దు. ఆరాక చుట్ల సందుల్లో తెల్లటి సున్నం పొర కడుతుంది, వేలికి గరుకుగా తగులుతుంది. ఫిల్టర్ నీళ్లు వాడండి, గుడ్డతో తుడిచి బాగా ఆరాకే ఎక్కించండి. ఫ్లాట్‌వౌండ్లకి ఈ వైద్యం అక్కర్లేదు, అవి పాతబడేకొద్దీ బాగుంటాయి.

మన ఊళ్లో నెక్ ఏడాదికి రెండుసార్లు కదులుతుంది. వానాకాలంలో తేమ పీల్చి ముందుకి వంగుతుంది, స్ట్రింగులు ఎత్తవుతాయి. ఏప్రిల్, మే ఎండలకి ఆరిపోయి వెనక్కి వెళ్తుంది, మొదటి ఫ్రెట్లలో బర్రుమంటుంది, ఫ్రెట్ అంచులు అరచేతికి గుచ్చుకుంటాయి. చూడటం తేలిక: లావు స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్‌లోనూ చివరి ఫ్రెట్‌లోనూ ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు ఎంతుందో కొలవండి. 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే ముట్టుకోవద్దు. ఎక్కువైతే ట్రస్ రాడ్‌ని (నెక్ లోపలుండే సర్దుబాటు కడ్డీ) సరైన అలెన్ కీతో బిగించే వైపు పావు చుట్టు, తక్కువైతే వదిలే వైపు పావు చుట్టు. మళ్లీ ట్యూన్ చేసి మర్నాటిదాకా ఆగి చూడాలి. బిగుసుకుపోయి తిరగకపోతే బలం పెట్టకుండా రిపేర్ చేసేవాళ్లకి ఇవ్వండి. ఎండాకాలం కారు డిక్కీలో బేస్ వదిలి వెళ్లడం గురించి వేరే చెప్పాలా!

ఇంకో సంగతి. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడుగు ఉన్న గదిలో 56, 47 హెర్ట్జ్ దగ్గర గోడల మధ్య శబ్దం నిలబడిపోతుంది. అంటే మూడో స్ట్రింగ్ ఓపెన్‌గానూ, లావు స్ట్రింగ్ రెండో ఫ్రెట్‌లోనూ అవసరానికి మించి మోగుతాయి. అది స్ట్రింగ్ లోపం కాదు, కొత్త సెట్ కొన్నా పోదు. ఆంప్‌ని మూలలోంచి బయటికి లాగి కుర్చీ మీద పెట్టండి, లో నాబ్ కొంచెం తగ్గించండి.

స్ట్రింగులు తాకితే హమ్ తగ్గుతోందంటే కొంతవరకు మామూలే. మైకుకి పెదవి తగిలితే జిల్లుమందంటే మాత్రం ఎర్త్ లేదని అర్థం, వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్ని పిలవండి. జనరేటర్ మీద నడిచే మండపాల్లో ఇది మరీ ముఖ్యం. హమ్ పోవడానికి డీఐ బాక్సు (బేస్‌ని మిక్సర్‌కి కలిపే పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కవచ్చు, ప్లగ్గు ఎర్త్ పిన్నుని తీసేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నేర్చుకున్నది వాడే చోట

చర్చిల్లోనూ ఆర్కెస్ట్రాల్లోనూ గాయకుడి గొంతుని బట్టి స్కేల్ అప్పటికప్పుడు మారుతుంది. కీబోర్డ్ వాళ్లు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తారు, గిటార్ వాళ్లు కేపో (నెక్ మీద బిగించే క్లిప్పు) జరుపుతారు. బేస్‌కి ఆ సౌకర్యం లేదు. అందుకే తీసిన ప్రతి లైన్నీ ఓపెన్ స్ట్రింగులు లేకుండా ఇంకోసారి నేర్చుకోండి. ఐదో ఫ్రెట్ చుట్టూ చెయ్యి ఒకే ఆకారంలో ఉంటే రెండు ఫ్రెట్లు అటూ ఇటూ జరగడం క్షణం పని. దానికోసం అసలు లైన్లో ఉన్న ఓపెన్ నోటు మోగే అందం కొంత పోతుంది. స్టేజి మీద అది పోయినా ఫరవాలేదు, ఇంట్లో మాత్రం అసలు పద్ధతిలోనే వాయించండి.

బోనాలకీ గణేశ్ నిమజ్జనానికీ వినిపించే తీన్‌మార్‌ని కూడా మీ ముగ్గురి పక్కన పెట్టుకోండి. ఆరు లెక్కలో, మూడు మూడుగా విరిగే నడక అది. సినిమా పాటల నాలుగు లెక్కకి అలవాటైన చెయ్యి ఇక్కడ తడబడుతుంది. మెట్రోనోమ్ 120 పెట్టి, ఒక్కో క్లిక్కుని మూడు మాత్రలుగా లెక్కపెట్టండి. రెండు క్లిక్కులకి ఆరు. మొదటి వారం ఒకటో మాత్ర మీద రూట్ మాత్రమే. రెండో వారం ఒకటి, నాలుగు. మూడో వారం నాలుగు తీసేసి ఒకటి, ఆరు పెట్టండి. ఆరు మీది నోటు పొట్టిగా ఉండి తర్వాతి ఒకటిలోకి తోయాలి. ఆరు మాత్రల మీదా వాయిస్తే బాగుంటుందనిపిస్తుంది, కానీ డప్పూ పెద్ద డ్రమ్మూ ఉండేది మీ కింది నోట్ల చోటులోనే. రెండూ ఒకచోట పడితే జనానికి ఏదీ వినపడదు. దెబ్బ గట్టిగా పడేచోట పొట్టి నోటు, దెబ్బ లేనిచోట పొడుగు నోటు వేసి రికార్డు చేసుకుని వినండి.