పులియబెట్టే ప్లాస్టిక్ పాత్ర వేడికి పాడైతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంట్లో బీరు తయారుచేసుకునేవారి ప్లాస్టిక్ పాత్రలు వేడికి కరిగిపోవడం అరుదు. కరిగే వేడికి ఎంతో ముందే అవి మెత్తబడి చెడిపోతాయి. అందువల్ల ఏ లక్షణం కనిపించినా ముందుగా పాత్రను బోర్లించి, అడుగున త్రికోణంలో ఉన్న అంకెను చూడాలి. 1 అంటే పెట్ (నీళ్ల సీసాల పారదర్శక ప్లాస్టిక్), 2 అంటే హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్), 5 అంటే పాలీప్రొపిలీన్. 7 అనేది 1 నుంచి 6 దాకా ఉన్న అంకెల్లో చేరని ప్లాస్టిక్‌లన్నిటికీ ఉమ్మడి గుర్తు కనుక, ఆ అంకె ఒక్కదాన్నే చూసి వేడిని తట్టుకుంటుందో లేదో తేల్చుకోకూడదు.

పారదర్శకమైన పాత్ర ముడుచుకుపోయింది, అడుగు వంకర తిరిగింది

ఇది దాదాపు ఎప్పుడూ పెట్ పాత్రే. పెట్ కరగాలంటే 250 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లాలి గాని, 70-80 డిగ్రీల మధ్యనే అది బిగువు కోల్పోతుంది. సాగదీసి ఊది తయారుచేసిన గోడలు ఆ వేడికి తిరిగి దగ్గరకు ముడుచుకుంటాయి. ఆ మార్పును వెనక్కి తిప్పే మార్గం లేదు. ఇకమీదట వోర్ట్‌ను, అంటే మరిగించిన మాల్ట్ రసాన్ని, ఈస్ట్ వేసే వేడికి చల్లార్చిన తరువాతే పోయాలి. తయారీదారు వేరే హద్దు చెప్పకపోతే కడిగే నీరు 50 డిగ్రీలు దాటకుండా చూడాలి. వేడి కాస్టిక్ (గాఢమైన క్షార) ద్రావణం కూడా పెట్‌ను తినేస్తుంది. ఒత్తిడితో పులియబెట్టే పెట్ పాత్ర అయితే, ఆకారం కాస్త మారినా దానికి మళ్లీ ఒత్తిడి ఎక్కించకూడదు. పగిలితే మనుషులకు గాయాలయ్యే విషయమిది, ఖర్చు చూసుకునే చోటు కాదు.

తెల్లని బకెట్ అడుగు ఉబ్బింది, గోడలు బయటికి వంగాయి

హెచ్‌డీపీఈ సుమారు 130 డిగ్రీల వద్ద కరుగుతుంది కనుక మరిగే వోర్ట్ దాన్ని కరిగించదు, అయితే ఆ వేడిలో గట్టిదనం చాలావరకు పోతుంది. 23 లీటర్ల వోర్ట్ 23 కిలోలకు పైగానే తూగుతుంది. మెత్తబడిన బకెట్‌ను అంత బరువుతో పిడి పట్టి ఎత్తడమే అసలు కారణం. పైగా మరిగే ద్రవం ఒలికితే ఒళ్లు కాలుతుంది. ఆస్ట్రేలియాలో ప్రచారంలోకి వచ్చిన పద్ధతిలో మరిగిన వోర్ట్‌ను నేరుగా మందపాటి హెచ్‌డీపీఈ క్యాన్లలో నింపి, దానంతటది చల్లారనిస్తారు. అది చూసి పలుచని బకెట్‌కూ అదే పని పెట్టడం సరికాదు. వేడిగా పోయక తప్పకపోతే, ముందే సమతలంపై ఉంచి పోసి, చల్లారేదాకా కదపకూడదు. చల్లారాక ఆకారం కుదురుకుని, నీళ్లు పోసి ఉంచినా కారకపోతే వాడుకోవచ్చు. మడత దగ్గర తెల్లని గీతలు పడితే పక్కన పెట్టాలి.

చల్లారాక గోడలు లోపలికి పీల్చుకున్నాయి, ఎయిర్‌లాక్ నీరు లోపల పడింది

ఎయిర్‌లాక్ అంటే లోపలి వాయువును బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వకుండా మూతకు అమర్చే నీటి గొట్టం. ఇందులో ప్లాస్టిక్ తప్పేమీ లేదు. మూత బిగించాక లోపలి ఆవిరి నీరుగా మారి, గాలి కుంచించుకుపోవడం వల్ల బయటి గాలి గోడలను నొక్కుతుంది. క్యాన్‌లో నింపేటప్పుడు పక్కలు నొక్కి గాలిని బయటికి పంపి మూత పెట్టాలి. బకెట్ అయితే, చల్లారేవరకు ఎయిర్‌లాక్ తీసి, ఆ రంధ్రాన్ని శానిటైజర్‌తో తడిపిన రేకుతో కప్పాలి.

మూత సరిగా కూర్చోవడం లేదు, బుడగలు రావడం లేదు

పలుచని మూతలు డిష్‌వాషర్‌లో, హీటర్ దగ్గర వంకరపోతాయి. మూత చుట్టూ సబ్బునీరు రాసి, పాత్రను కాస్త నొక్కి చూస్తే గాలి పోయే చోట నురగ కడుతుంది. మూతకు ఉండే గ్యాస్కెట్ (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) గట్టిపడితే మార్చాలి. బుడగలు లేనంత మాత్రాన పులియడం ఆగిందని అనుకోకుండా ద్రవం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌తో సరిచూడాలి.

పాలీకార్బొనేట్ పాత్రలో సన్నని పగుళ్లు

ఇది సుమారు 147 డిగ్రీల దాకా బిగువుగా ఉంటుంది కనుక వేడినీటిని అనుమానించనక్కర లేదు. క్షార గుణమున్న క్లీనర్‌ను వేడిగా వాడారేమో చూడాలి. కడగకుండా వదిలేయగల శానిటైజర్లు చల్లని నీటిలోనే పనిచేస్తాయి కాబట్టి, ఏ ప్లాస్టిక్ పాత్రనైనా శుద్ధి కోసం మరిగే నీటితో కడగవలసిన అవసరమే లేదు.