సిమ్యులేటర్‌లో కాక్‌పిట్ ప్యానెల్ మార్పులు – 4వ పాఠం: సైజ్_ఎంఎం లెక్క

గత పాఠంలో సెస్నా 172 అనే చిన్న విమానపు ప్యానెల్ (పైలట్ ఎదుట మీటర్లుండే పలక) ఫోల్డరుకు నకలు తీసి, ఆ నకలులో ఒక గడియారాన్ని కొత్తగా అమర్చమని చెప్పాను. ఈసారి మీటర్ల స్థానాలను మార్చడం నేర్పాలన్నది నా ఉద్దేశం. అయితే చాలామంది గడియారం దగ్గరే ఆగిపోయారని, వారిలో కొందరు దాన్ని సరిచేయబోయి ప్యానెల్ మొత్తాన్ని చెదరగొట్టుకున్నారని వచ్చిన సందేశాలను బట్టి తెలిసింది. అందువల్ల ఈ పాఠంలో సింహభాగం ఆ గడియారానికే పోతుంది. స్థానాల మార్పిడికి చివర్లో మిగిలిన చోటు చాలు, ఎందుకంటే మొదటిది అర్థమైనవారికి రెండోది పెద్ద పని కాదు.

మనం వాడుతున్నది 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రాము. దానికి ముందు 2003లో విడుదలైన ఫ్లైట్ సిమ్యులేటర్ 2004లో కూడా ప్యానెల్ ఫైలు ఇదే పద్ధతిలో ఉంటుంది. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో తెర మీద పరుచుకునే ఈ రకం బల్లపరుపు ప్యానెల్ లేదు కాబట్టి ఈ పాఠాలు దానికి వర్తించవు. ఫైలులోని మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. నేను వాటిని పలికే తీరులో రాస్తున్నాను.

ముందుగా, ఎంత మార్చినా తెర మీద ఏమీ మారలేదన్నవారి సంగతి. దీనికి కారణాలు కొన్నే ఉన్నాయి. నకలు ఫోల్డరుకు ప్యానెల్.మై అని పేరు పెట్టినవారు విమానం వివరాలుండే ఎయిర్‌క్రాఫ్ట్.సిఎఫ్‌జి ఫైలులో ఆ విమానానికి సంబంధించిన విభాగంలో ప్యానెల్= అన్న చోట చుక్క తర్వాతి భాగాన్ని, అంటే మై అన్నదాన్ని మాత్రమే రాయాలి. అక్కడ ఖాళీ వదిలితే సిమ్యులేటర్ పాత ప్యానెల్ ఫోల్డరునే తెరుస్తుంది. కొత్త విభాగానికి టైటిల్= వరుసలో వేరే పేరు లేకపోతే అది మెనూలోకి సరిగా రాదు. నోట్‌ప్యాడ్‌లో భద్రపరచినప్పుడు ఫైలు పేరు చివర .టిఎక్స్‌టి అని తోక చేరిందేమో చూడాలి. విండోస్ ఫైలు పొడిగింపులను దాచిపెట్టే అమరికలో ఉంటే ఈ తోక కంటికి కనిపించదు. ఇక 172కు కాకుండా మరో విమానానికి ప్రయత్నించినవారు, ప్యానెల్ ఫైలు తెరవగానే ఏలియాస్= అన్న ఒక్క వరుస తప్ప ఏమీ కనిపించకపోతే, ఆ విమానం మరో విమానపు ప్యానెల్‌ను అరువు తెచ్చుకుంటోందని గ్రహించి, అసలు ఫైలును ఆ వరుస చూపిన ఫోల్డరులో వెతకాలి. మార్పు చేసిన ప్రతిసారీ విమానాన్ని మళ్లీ ఎక్కించాలి. వేరే విమానాన్ని ఎంచుకుని తిరిగి మొదటి దానికి రావడం అందరూ చేసే పద్ధతి. నేను మాత్రం కంట్రోల్స్ అమరికలో విమానాన్ని మళ్లీ ఎక్కించే ఆదేశానికి ఒక కీని కేటాయించుకున్నాను. అది లేకుండా ఈ పని చేయడానికి నాకు ఓపిక చాలదు.

గడియారం వచ్చింది గానీ ఉన్న మీటర్లలో ఒకటి మాయమైందన్నవారు గేజ్ సంఖ్యలను, అంటే ప్యానెల్ ఫైలులో ఒక్కొక్క మీటరును అమర్చే వరుసకు మొదట ఉండే సంఖ్యలను, చూసుకోవాలి. ఒకే విండో విభాగంలో గేజ్07 అని రెండు వరుసలుంటే వాటిలో ఒకటే కనిపిస్తుంది. ఇలాంటి చోట సిమ్యులేటర్ ఎలాంటి హెచ్చరికా ఇవ్వదు. గేజ్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా అంతే, ఆ చోటు ఖాళీగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నేపథ్య చిత్రాన్ని పెయింట్‌లో తెరిచి, గడియారం ఉండాల్సిన గుంటను కొలిచి, ఆ అంకెలను గేజ్ వరుసలో ఉన్నవి ఉన్నట్టు రాసినవారికి గడియారం ఎక్కడో కుడివైపున తేలింది, లేదా అసలు కనిపించలేదు. దీనికి కారణం ప్రతి విండో విభాగంలోనూ ఉండే సైజ్_ఎంఎం అన్న వరుస. ఎంఎం అన్న పేరును చూసి అది మిల్లీమీటర్లనుకునేవారు కొందరు, చిత్రం పిక్సెళ్లనుకునేవారు మరికొందరు. ఆ వరుస చెప్పేది ఒక్కటే: ఈ విండో వెడల్పును ఎన్ని సమాన భాగాలుగా లెక్కించాలి అన్నది. మీ మానిటర్ ఎంత వెడల్పున్నా, చిత్రం ఎన్ని పిక్సెళ్లున్నా, గేజ్ వరుసలోని నాలుగు అంకెలూ, అంటే ఎడమ నుంచి దూరం, పై నుంచి దూరం, వెడల్పు, ఎత్తు, ఈ భాగాల్లోనే ఉంటాయి.

మీ ఫైలులో ఏ అంకె ఉందో మీరే చూసుకోండి. ఇక్కడ లెక్క కోసం చిత్రం 1024 పిక్సెళ్ల వెడల్పు, సైజ్_ఎంఎం 640 అనుకుందాం. 640ని 1024తో భాగిస్తే 0.625 వస్తుంది. పెయింట్‌లో కొలిచిన ప్రతి అంకెనూ ఈ 0.625తో గుణించిన తర్వాతే ఫైలులో రాయాలి. గుంట ఎడమ అంచు 300 పిక్సెళ్ల దగ్గర, పై అంచు 420 దగ్గర, వ్యాసం 160 అయితే, గుణించగా వచ్చేవి 187.5, 262.5, 100. పూర్ణాంకాలుగా మార్చేటప్పుడు నేను స్థానాలను కిందికి, కొలతలను ఒక భాగం పైకి సర్దుతాను, అంటే 187, 262, 101, 101 అని రాస్తాను. అలా చేస్తే గుంట అంచు సన్నని గీతలా బయటికి కనిపించదు. గుణించకుండా 300 అనే రాసినవారి గడియారం చిత్రంలో 480వ పిక్సెల్ దగ్గరికి జరిగింది. 850వ పిక్సెల్ దగ్గరి గుంటను ఎంచుకున్నవారు 531 రాయాల్సిన చోట 850 రాశారు. విండో మొత్తమే 640 భాగాలైనప్పుడు 850వ భాగం విండోకు బయట ఉంటుంది కాబట్టి వారికి గడియారం కనిపించే అవకాశమే లేదు.

ఇంతవరకూ జరిగింది చిన్న పొరపాటు. దీన్ని సరిదిద్దబోయి సైజ్_ఎంఎం వరుసనే 640 నుంచి 1024కు మార్చినవారికి కలిగింది పెద్ద నష్టం. గడియారం చక్కగా తన గుంటలోకి వచ్చి కూర్చుంది. మిగిలిన మీటర్లన్నీ పొట్టివై, ఎడమ పై మూలకు పోయి గుంపుగా నిలబడ్డాయి. అంతకుముందు 320వ భాగం దగ్గర, అంటే విండోకు సరిగ్గా మధ్యలో ఉన్న మీటరు, 1024 భాగాల లెక్కలో చూస్తే మూడో వంతు కూడా దాటదు. అంకెలు మారలేదు, కొలబద్ద మారింది. కొందరు ఆ గుంపులోంచి ఒక్కొక్క మీటరునూ చేత్తో లాగి సరిచేయడం మొదలుపెట్టి సగంలో వదిలేశామని రాశారు. దయచేసి ఆ పని మానండి. సైజ్_ఎంఎంను తిరిగి పాత అంకెకు మార్చి, గడియారం వరుస ఒక్కదాన్నే 0.625 లెక్కతో సరిచేస్తే అంతా సర్దుకుంటుంది. ఖాళీ చిత్రంతో సొంత ప్యానెల్ మొదలుపెట్టేటప్పుడు మాత్రం సైజ్_ఎంఎంను చిత్రపు వెడల్పుకు సమానంగా పెట్టుకోవడమే మేలు. అప్పుడు గుణకం 1 అవుతుంది, పెయింట్‌లో చూసిన అంకెనే ఫైలులో రాయవచ్చు. వేరొకరు చేసిన ప్యానెల్‌లో ఆ వరుసను ముట్టుకోకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

పాత చిత్రానికి బదులు స్పష్టత ఎక్కువున్న కొత్త చిత్రం పెట్టుకునేవారికీ ఇదే లెక్క. 1024 వెడల్పున్న చిత్రాన్ని తీసి అదే నిష్పత్తిలో గీసిన 1600 వెడల్పు చిత్రాన్ని పెట్టి, సైజ్_ఎంఎంను 1024గానే ఉంచితే, పాత మీటర్లన్నీ యథాస్థానంలోనే ఉంటాయి, ఒక్క అంకె కూడా మార్చనక్కర్లేదు. కొత్తగా చేర్చే మీటరుకు మాత్రం గుణకం 0.64 అవుతుంది, కొత్త చిత్రంలో 800వ పిక్సెల్ అంటే ఫైలులో 512.

మరో రెండు చోట్ల ఇదే తప్పు వేరే రూపంలో జరుగుతుంది. మొదటిది, గుంట మధ్య బిందువును కొలవడం. గేజ్ వరుసలో అడిగేది మీటరు చుట్టూ ఊహించుకునే చతురస్రపు ఎడమ పై మూల. మధ్య బిందువు 380, 500 దగ్గర ఉండి వ్యాసం 160 అయితే, సగం వ్యాసాన్ని తీసివేయగా వచ్చే 300, 420లే గుణకంతో గుణించాల్సినవి. రెండోది, ఒకే ఫైలులో నాలుగు రకాల కొలతలున్నాయని మరచిపోవడం. విండో_సైజ్ వరుసలో తెరలో ఎంత వంతు అన్నది 1.000, 0.500 వంటి దశాంశాల్లో ఉంటుంది. డిఫాల్ట్ వ్యూ విభాగంలో తెర పూర్తి వెడల్పు 8192 భాగాలు. వర్చువల్ కాక్‌పిట్ (చుట్టూ చూడగలిగే త్రీడీ కాక్‌పిట్) విభాగాల్లో సైజ్_ఎంఎంతో పాటు పిక్సెల్_సైజ్ అనే మరో వరుస ఉంటుంది. వీటిలో ఒకదాని అంకెను మరొకదానిలోకి నేరుగా తెచ్చుకోకూడదు.

పిక్సెల్_సైజ్ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. వర్చువల్ కాక్‌పిట్‌లో గేజ్ స్థానాలు అక్కడ కూడా సైజ్_ఎంఎం భాగాల్లోనే ఉంటాయి; ఆ బొమ్మను ఎన్ని పిక్సెళ్లలో గీయాలన్నది పిక్సెల్_సైజ్ చెబుతుంది. అందువల్ల రెండూ 512,512గా ఉన్న చోట పిక్సెల్_సైజ్ ఒక్కదాన్నే 1024,1024 చేస్తే మీటర్లు కదలకుండానే వాటి అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు పాతదైతే కొంత నెమ్మదిస్తుంది. అంతకుమించి వర్చువల్ కాక్‌పిట్ జోలికి ఈ పాఠాల్లో వెళ్లను. అక్కడ బొమ్మ విమానపు నమూనాకు అతికించి ఉంటుంది కాబట్టి నమూనా తయారుచేసినవారు వదిలిన చోట్లలోనే మీటర్లు పెట్టగలం. ఎఫ్10 నొక్కితే వచ్చే సమతల ప్యానెల్‌లో మనకున్న స్వేచ్ఛ అక్కడ లేదు.

ఇక స్థానాల మార్పిడి. సెస్నా 172లో పైలట్ ఎదుట ఆరు మీటర్లు రెండు వరుసల్లో ఉంటాయి. పై వరుసలో ఎడమ నుంచి ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ (వేగం), ఆటిట్యూడ్ ఇండికేటర్ (విమానం వంపు), ఆల్టిమీటర్ (ఎత్తు). కింది వరుసలో టర్న్ కోఆర్డినేటర్ (మలుపు), హెడింగ్ ఇండికేటర్ (దిశ), వర్టికల్ స్పీడ్ ఇండికేటర్ (ఎక్కే, దిగే వేగం). 1937లో బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ ప్రమాణంగా తీసుకున్న అమరిక దీనికి దగ్గరిదే గానీ ఇది కాదు. స్పిట్‌ఫైర్, లాంకాస్టర్ వంటి విమానాల్లో కనిపించే ఆ అమరికలో పై వరుసన వేగం, కృత్రిమ క్షితిజం, వర్టికల్ స్పీడ్, కింది వరుసన ఆల్టిమీటర్, దిశ, మలుపు చూపే మీటర్లు ఉంటాయి. అంటే మన 172ను ఆ అమరికలోకి తేవాలంటే మూడు మీటర్లు కదిలితే చాలు: ఆల్టిమీటర్ టర్న్ కోఆర్డినేటర్ చోటికి, టర్న్ కోఆర్డినేటర్ వర్టికల్ స్పీడ్ చోటికి, వర్టికల్ స్పీడ్ ఆల్టిమీటర్ చోటికి. నిజమైన చిన్న విమానాల్లో ఇలాంటి మీటర్లకు మూడుంబావు అంగుళాలకు కాస్త తక్కువగా, మూడు అంగుళాల మీద అంగుళంలో ఎనిమిదో వంతు వ్యాసమున్న గుంటలు ప్రామాణికం. అందువల్లే అవి ఒకదాని చోట ఒకటి పడతాయి, సిమ్యులేటర్ చిత్రంలోని గుంటలూ దాదాపు ఒకే కొలతలో ఉంటాయి.

చేసేటప్పుడు గేజ్ పేర్లను అటూ ఇటూ మార్చకండి, మొదటి రెండు అంకెలనే మార్చండి. కొన్ని గేజ్‌లకు నాలుగు అంకెల తర్వాత ఆ గేజ్‌కే చెందిన అదనపు సూచనలుంటాయి. పేరును మాత్రమే జరిపితే ఆ సూచనలు వెనకే ఉండిపోయి వేరే గేజ్‌కు అంటుకుంటాయి. వరుసల క్రమాన్ని కూడా కదపవద్దు, ఎందుకంటే పెద్ద సంఖ్య గేజ్ చిన్న సంఖ్య గేజ్ మీద గీయబడుతుంది. మూడు వరుసల స్థానాలను ముందుగా కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఫైలు తెరవండి. మౌస్‌తో మీటర్లను లాగి అమర్చే ప్యానెల్ ఎడిటర్లు ఉన్నాయి, మంచివే, కానీ గుణకం చేతికి అలవాటయ్యేదాకా నోట్‌ప్యాడ్ దాటి పోవద్దని నా సలహా.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది సిమ్యులేటర్ తెరవకుండా చేయాల్సింది: చిత్రం వెడల్పు 1280, సైజ్_ఎంఎం 512, గుంట ఎడమ అంచు 415, పై అంచు 530, వ్యాసం 175. మీకు 166, 212, 70 రావాలి. రాకపోతే రెండో భాగానికి వెళ్లకండి. రెండో భాగంలో పైన చెప్పిన మూడు మీటర్లనూ మార్చి, విమానాన్ని బేగంపేట రన్‌వే మీద నిలబెట్టి, ఆల్టిమీటర్‌ను అక్కడి గాలి పీడనానికి సరిచేసే బి కీ నొక్కండి. కింది వరుసలో ఎడమవైపు మీటరు సుమారు 1,740 అడుగులు, పై వరుసలో కుడివైపుది సున్నా చూపాలి. తర్వాత మబ్బులు కమ్మిన వాతావరణాన్ని ఎంచుకుని, బయటికి చూడకుండా, నిమిషానికి 500 అడుగుల చొప్పున 2,740 అడుగులకు ఎక్కి, ఎత్తు వంద అడుగులకు మించి తేడా రాకుండా నాలుగు వైపులా ఒక్కొక్క మలుపు తిరిగి, మొదటి దిశకు రండి. ఇది తేలిక కాదు, 172కు అలవాటుపడిన కన్ను ఎత్తు కోసం ప్రతిసారీ పై వరుసకే పోతుంది. కుదిరేదాకా చేయండి.

వెడల్పాటి తెరల మీద గుండ్రని మీటర్లు కోడిగుడ్ల ఆకారంలో సాగుతున్నాయని అడిగినవారు అందుకోసం గేజ్ వెడల్పులను మార్చవద్దు. అది అయిదో పాఠంలో వస్తుంది. ఆలోగా మీ తెర వెడల్పు, ఎత్తులను పిక్సెళ్లలో, మీ ప్యానెల్ ఫైలులోని విండో_సైజ్ వరుసను ఉన్నది ఉన్నట్టుగా రాసి పెట్టుకోండి.